క్లచ్‌కి కంకణం కట్టే మేస్త్రీ

మొన్న క్యాంటీన్లో ఒకాయన నా కథ నాకే చెప్పాడు.

కొత్తగా చేరిన ఇంజినీరు. పక్క టేబుల్ దగ్గర ఎవరో తన మోటార్ సైకిల్ ఆరు నెలలు షెడ్డులో ఉండిపోయి క్లచ్ పట్టేసిందనీ, బయటినుంచి మెకానిక్‌ని పిలవాలనీ అంటున్నారు. ఈయన చెంచా కింద పెట్టి, "బయటివాళ్ళనా? జాగ్రత్త సార్! ఇదివరకు ఇక్కడ ఒక మేస్త్రీ ఉండేవాడట. తాగేసి వచ్చి క్లచ్ బాగుచేశాడట. ఆ బండి తిన్నగా పూల ప్రదర్శనలోకి దూరి..." అని అందుకున్నాడు.

డాలియా కుండీలు ఎన్ని పగిలాయో లెక్క చెప్పాడు. బండి కాలీఫ్లవర్ల మధ్య ఎలా ఆగిందో రెండు చేతులతో చూపించాడు. ఆ చేతులు తిప్పే పద్ధతి నాది. కథ మధ్యలో ఊపిరి బిగబట్టి ఆగే చోటు కూడా నాదే. తాగడం ఒక్కటే నాది కాదు. ఈ తొమ్మిదేళ్ళలో దారిలో ఎవరో చేర్చారు.

అందరూ పగలబడి నవ్వారు. అలవాటుకొద్దీ నేనూ నవ్వాను.

అసలు జరిగింది వేరు. అది చెప్పడానికే కూర్చున్నాను. కానీ ఆ మనిషి ఎలాంటివాడో ముందు చెప్పకపోతే ఇది మళ్ళీ నా కథే అయిపోతుంది.

మాది ఒడిశాలో కోరాపుట్ కొండల మీద ఫ్యాక్టరీ టౌన్‌షిప్. ఇక్కడ వాన పట్టుకుందంటే నాలుగు నెలలు వదలదు. బండి మీద కవరు కప్పేసి ఫ్యాక్టరీ బస్సెక్కడమే. డిప్యుటేషన్ మీద వేరే ఊరు పోయినవాళ్ళవీ, మోకాళ్ళ నొప్పులతో నడపడం మానేసినవాళ్ళవీ కలిపి, షెడ్లనిండా బండ్లు నిద్రపోతుంటాయి. అలా పడుకున్న బండికి లోపల ఆయిలు జిడ్డుకట్టి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తర్వాత లివరు ఎంత నొక్కినా ఇంజనూ చక్రమూ విడిపోవు. గేరు పడగానే బండి ఆగైనా పోతుంది, ఎగిరైనా దూకుతుంది.

ఆ జబ్బుకి ఆయన వైద్యుడు. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి గుణుపురం దగ్గర సాగు చేసుకునే కుటుంబంలో పుట్టాడు. నాగలి కన్నా ట్రాక్టరు నచ్చింది, ట్రాక్టరు కన్నా మోటార్ సైకిల్ నచ్చింది. మా గేటు బయట నాలుగు రేకులు కప్పి షాపు పెట్టుకున్నాడు. గేటు పాసు తీసుకుని లోపలికొచ్చి మా షెడ్ల దగ్గరే పనిచేసేవాడు. మేమంతా మేస్త్రీ అనేవాళ్ళం.

పొట్టి మనిషి. ఆయన ఎడమచెయ్యి ఊరికే ఉండేది కాదు. నడుస్తున్నా, టీ తాగుతున్నా, ఆ నాలుగు వేళ్ళూ గాల్లో దేన్నో నొక్కుతూ వదులుతూ ఉండేవి. ఎదుటివాడి మాట నచ్చకపోతే ఆ పిడికిలి బిగిసిపోయేది. "అదిగో, మేస్త్రీ క్లచ్ నొక్కేశాడు. ఇక మన ఇంజను ఎంత అరిచినా ఆయన చక్రం కదలదు" అని నవ్వుకునేవాళ్ళం. నిజంగానే కదిలేది కాదు.

బండి దగ్గరికి రాగానే పనిముట్లు తీసేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరిగి, వాసన చూసి, ఇంజను మీద అరచెయ్యి ఆనించి, "ఎన్నాళ్ళయింది పడుకుని?" అనేవాడు.

"ఎనిమిది నెలలు మేస్త్రీ" అని యజమాని జవాబిచ్చేవాడు.

"మిమ్మల్ని కాదు బాబూ. దాన్ని అడిగేను."

ఇంకొకరైతే వెంటనే ఇంజను కవరు విప్పి ప్లేట్లు బయటికి తీసేవారు. ఈయన చివరిదాకా విప్పేవాడు కాదు. "పొట్ట కొయ్యకముందు పొట్ట నిమరాల బాబూ" అనేవాడు. నిమరడమంటే పాత ఆయిలు తీసి కొత్తది పోయడం, గేరు వెయ్యకుండా ఇంజనుని బాగా కాగనివ్వడం, బండిని టాపు గేరులో పెట్టి ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊపడం. ఊపుతూ ప్లేట్లకి నచ్చజెప్పేవాడు. "కలిసి తిరగమన్నప్పుడు తిరగాల, ఇడిసిపెట్టమన్నప్పుడు ఇడిసిపెట్టాల. మీకు పనీ పాటా నేక అతుక్కుని కూకుంటే ఇంజనుకేటి, సక్రానికేటి?"

రాని నట్టుతో మూడు భాషలు మాట్లాడేవాడు. మొదట ఒడియాలో "టికే ఆ, మో సునా" అని, అంటే కొంచెం రా నా బంగారూ అని, బతిమాలేవాడు. రాకపోతే హిందీలో ఆర్డరు వేసేవాడు. అప్పటికీ రాకపోతే తెలుగులో తిట్టేవాడు. తెలుగుకి రాని నట్టుని నేను చూడలేదు.

మధ్యాహ్నం చోడంబలి, అదే రాగిజావ, తాగేవాడు. అది ఎందులో ఉండేదనుకున్నారు? కడిగిన ఇంజను ఆయిలు డబ్బాలో! ఆయిలేమో మంచినీళ్ళ సీసాలో ఉండేది. "డబ్బా ఎవులూ దొంగిలించరు, సీసా ఎవులూ తాగరు" అని ఆయన లెక్క. ఒకసారి మా అకౌంట్స్ ఆఫీసరు సాయం చేద్దామని ఆ డబ్బా మూత తీసి, వంగి తన బండిలో పొయ్యబోయాడు. మేస్త్రీ పది గజాల దూరంనుంచి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఓలమ్మ! అది నా కడుపులోది బాబూ! మీ బండికి సలవ సేసేత్తాది!"

నిమిరినా లొంగని బండ్లని వాలు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. మా హాస్పిటలు రోడ్డు కిలోమీటరు పొడుగున కిందికి జారుతుంది. గేరు లేకుండా స్టార్టు చేసి, బండిని వాలులో దొర్లనిచ్చి, వేగం అందుకున్నాక గేరు వెయ్యాలి. అప్పుడు కుదుపు ఉండదు. ఇక లివరు గట్టిగా పట్టుకుని యాక్సిలేటరు తిప్పుతూ వదులుతూ, మధ్యమధ్యలో వెనక బ్రేకు తొక్కుతూ దిగాలి. ఎక్కడో ఒకచోట లోపల టప్పుమంటుంది. ప్లేట్లు విడిపోతాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, బండి మీద యజమానే కూర్చోవాలి. మేస్త్రీ ఎక్కడు. "నానెక్కితే అది నా మాట ఇంటాది. రేపు మీకు తిరగబడతాది" అనేవాడు. అందుకని వానలు వెళ్ళాక ప్రతి ఆదివారం మా టౌన్‌షిప్‌కి ఉచిత వినోదం. హెల్మెట్లు పెట్టుకున్న సెక్షన్ హెడ్లు దేవుళ్ళని తలుచుకుంటూ వాలులో దిగుతుంటే, బనీను మీద ఉన్న ఈ పొట్టి మనిషి వెనకాల పరిగెత్తేవాడు. "తిప్పండి బాబూ తిప్పండి! జాలి పడకండి! బ్రేకు! బ్రేకంటే హారను కాదు బాబూ!" బాల్కనీల్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. టప్పుమన్న శబ్దం బండి మీదున్నవాడికన్నా ముందు ఆయనకే వినిపించేది. రోడ్డు మధ్యలో రెండడుగులు ఎగిరి, "ఇడిసేసిందిరోయ్!" అని అరిచేవాడు. ఆ అరుపు మూడు వీధులకి వినపడేది. ఎవరింట్లో వాళ్ళు, "ఫలానావారి బండి విడిచేసింది" అని శుభవార్త చెప్పుకునేవాళ్ళు.

అసలు పట్టెయ్యకుండా ఉండడానికి ఆయనకొక మందుండేది. ఎవరైనా ఎక్కువ రోజులు ఊరెళ్తున్నారంటే, పసుపు గుడ్డపీలిక పట్టుకుని వచ్చేవాడు. క్లచ్ లివరుని నొక్కి, హ్యాండిలుకి చేర్చి ఆ పీలికతో కట్టేసేవాడు. లివరు నొక్కి ఉంటే లోపల ప్లేట్ల మధ్య సందు ఉంటుంది, అతుక్కోవు. దాన్ని కంకణం అనేవాడు. "కంకణం కట్టుకున్నోడు తప్పు పని సెయ్యడు బాబూ."

నేను రెండేళ్ళ డిప్యుటేషన్‌కి వెళ్ళేటప్పుడూ వచ్చాడు. అందరూ నవ్వుతారని నేను వద్దన్నాను.

"నవ్వేవోల్లు నవ్వనీండి. ప్లేట్లు నవ్వవు, అతుక్కుపోతాయి" అన్నాడు. నేను వినలేదు. తిరిగి వచ్చేసరికి ఆయన అన్నట్టే అయింది.

ఆ సాయంత్రం ఆయిలు మార్చాడు. క్లచ్ తీగకి నూనె పట్టించాడు. ఇంజను కాగబెట్టి, ఊపవలసినంత ఊపాడు. అది వదల్లేదు. అప్పుడు లివరుకి పసుపు పీలిక కట్టి, "రేపు తొమ్మిదింటికి వత్తాను, వాలులోకి తీసుకెల్దాం. అందాకా రెండు పన్లు సెయ్యొద్దు బాబూ. కంకణం ఇప్పొద్దు. గేరెయ్యొద్దు" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడతో, "సెల్లెమ్మా, నువ్వే కాపలా. బండి బాబు మాట ఇంటాది గానీ, బాబు ఎవుల మాటా ఇనడు" అన్నాడు.

మర్నాడు మా క్వార్టరు ఎదుటి మైదానంలో పూల ప్రదర్శన. చలికాలంలో మా టౌన్‌షిప్‌లో దానికి మించిన పండగ లేదు. పెద్ద ఆఫీసరుగారి భార్య డాలియాలకి ఏటా మొదటి బహుమతి. అవి ముందు వరసలో, ఒక్కొక్కటి పళ్ళెమంత పువ్వుతో నిలబడి ఉన్నాయి. వాటి వెనక చేమంతులు, చివర కూరగాయలు.

ఎనిమిదిన్నరకి నేను బండిని బయటికి తోశాను. అవసరం ఏమీ లేదు. రెండేళ్ళ తర్వాత వచ్చాను, నలుగురూ చూడాలి, అంతే. దారినపోతున్న ఒక సహోద్యోగి ఆ పసుపు పీలిక చూసి, "ఏం సార్, బండికి పెళ్ళా?" అన్నాడు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. కంకణం విప్పి జేబులో పెట్టుకున్నాను.

కిక్కు కొట్టాను. ఇంజను హాయిగా పలికింది. లివరు నొక్కి చూశాను. వెన్నలా ఉంది. ముందురోజు తీగకి నూనె పట్టించడంవల్ల అలా ఉందనీ, లోపలి ప్లేట్ల సంగతి లివరు చెప్పదనీ నాకు తెలీదు. బాగైపోయిందనుకున్నాను. గేరు వేశాను.

తర్వాత ఏం జరిగిందో టౌన్‌షిప్‌లో అందరికీ కంఠస్థం. బండి ఎగిరింది. నేను ఎడమచెయ్యి ప్రాణం పెట్టి నొక్కాను. రెండు చేతులూ ఒకేసారి బిగిసేసరికి కుడివైపు యాక్సిలేటరు కూడా తిరిగింది. రిబ్బను నేనే తెంపాను. ఆ ప్రదర్శన ప్రారంభించింది నేనే అనొచ్చు. డాలియాలు అటూ ఇటూ దారి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మార్కులు వేస్తున్న న్యాయనిర్ణేత పెన్ను నోట్లో పెట్టుకుని చేమంతుల్లోకి దూకాడు. కాలీఫ్లవర్ల గుట్టలో బండి ఆగింది. నేను లేచి నిలబడేసరికి నా చొక్కాకి "ప్రథమ బహుమతి" అన్న చీటీ అంటుకుని ఉంది.

ఇంతవరకూ చెప్పి నేను ఎన్ని వీడ్కోలు సభల్లో చప్పట్లు కొట్టించుకున్నానో! ఇక్కడినుంచి ఎక్కడా చెప్పలేదు.

పెద్ద ఆఫీసరుగారి భార్య విరిగిన డాలియా చేత్తో పట్టుకుని వచ్చింది. "ఏమిటండీ ఇది?" అంది. గట్టిగా కూడా అనలేదు.

"మేస్త్రీ బాగైపోయింది, నడుపుకోవచ్చు అన్నాడండీ" అన్నాను.

అది ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. తడబడినప్పుడు గోడ పట్టుకున్నట్టు పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన సంచీ భుజాన వేసుకుని గుంపులోంచి వచ్చాడు. ఇంకా తొమ్మిది కాలేదు. నన్ను చూసి ముందు నవ్వాడు. "ఓలమ్మో! కాలీఫ్లవర్లో పార్కింగేటి బాబూ!" తర్వాత అందరూ తనవైపు తిరగడం గమనించాడు. ఎవరో నా మాట ఆయనకి అందించారు.

"నానెప్పుడన్నాను బాబూ?" అన్నాడు.

నేను వంగి ప్యాంటుకి అంటిన ఆకులు దులుపుకున్నాను. కంకణం జేబులోనే ఉంది. తీసి చూపించి ఉంటే సరిపోయేది. ఆయన ఎడమచెయ్యి బిగుసుకుని అలాగే ఉండిపోయింది.

ఆ నెల దాటాక ఆయనకి గేటు పాసు మళ్ళీ ఇవ్వలేదు. లోపల పని లేకపోతే ఆ నాలుగు రేకుల షాపుకి బతుకు లేదు. రాయగడ వెళ్ళిపోయాడని విన్నాను. నేను మాత్రం కథ చెబుతూనే ఉన్నాను. మొదట్లో నన్ను కాపాడుకోవడానికి చెప్పాను, తర్వాత బాగా నవ్వుతున్నారని చెప్పాను. "మేస్త్రీ అన్నయ్య వద్దని నా ఎదుటే చెప్పాడు కదండీ" అని మా ఆవిడ ఒక్కసారి అంది. ఊరుకోమన్నాను. ఊరుకుంది. అప్పట్నుంచి నేను ఆ కథ మొదలుపెట్టగానే లేచి లోపలికి పోయేది.

క్యాంటీన్లో నా కథ విన్నాక వచ్చిన ఆదివారమే కోరాపుట్‌లో రైలెక్కి రాయగడలో దిగాను. క్లచ్ మేస్త్రీ అనగానే ఆటోవాడు ఇంకేమీ అడక్కుండా కొల్నార రోడ్డులో ఒక షాపు ముందు దింపాడు. ముప్పై ఏళ్ళ మనిషి, చుడీదార్ మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని, ఒక బండిని టాపు గేరులో పెట్టి ముందుకీ వెనక్కీ ఊపుతోంది. పక్కన పాత టైరు మీద కల్యాణసింగ్‌పూర్ ముసలి రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఊపేది ఆయన బండే.

"మేస్త్రీ ఉన్నారా అమ్మా?"

"నాన్న వానల్లో పోయేడు బాబూ. జొరం. మీరెవులు?"

ఏ టౌన్‌షిప్పో, ఏ క్వార్టరో చెప్పాను. ఆమె బండి ఊపడం ఆపింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"డాలియా బాబేనా మీరు!"

"ఎవులమ్మీ?" అంటూ ముసలాయన టైరు మీంచి లేచాడు. "ఆ సీటీ అంటించుకున్నాయనేనా?"

"ఆయనే మావా! పెద్ద బహుమతొచ్చిన బాబు!"

తొమ్మిదేళ్ళూ నేను అక్కడ ఒక కథ చెబుతుంటే, ఆయన ఇక్కడ ఇంకో కథ చెబుతున్నాడు! ఆమె వెంటనే నటించి చూపించింది. కంకణం విప్పి జేబులో పెట్టుకుని, మీసం సవరించుకుని, మెడ తిప్పి ఎవరు చూస్తున్నారో చూసి, గేరు వేసి, "అమ్మో" అని కళ్ళు తేలేసింది. నాకప్పుడు మీసం ఉండేది. "కాదమ్మీ, ముందు గేరేసేడు, తర్వాత మీసం" అని ముసలాయన సరిదిద్దాడు. ఇద్దరూ కొంచెంసేపు దానిమీద వాదించుకున్నారు. నన్నడిగారు. "మీసమే ముందు" అన్నాను. ఆమె గెలిచింది. నవ్వి నవ్వి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. గుండెమీంచి బరువు దిగినట్టయింది.

"అయితే ఆయన నవ్వుతూనే చెప్పుకునేవారన్నమాట" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ నవ్వే సెప్పేడు బాబూ. అక్కడికి మూడుసార్లొచ్చేడు, మీకు తెలుసా? గేటుకాడ నిలబడి అదే కత సెప్పేడు. నాను గేరెయ్యొద్దన్నాను, బాబే యేసేడు అని. ఆఫీసరు బాబు అబద్దమాడతాడేటి, నువ్వే ఏటో సేసుంటావు, పో అన్నారు. మూడోసారి నానూ ఉన్నాను పక్కన."

ఆయన మంచితనంకొద్దీ ఊరుకున్నాడని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ఊరుకోలేదు. నోరు విప్పి చెప్పాడు. నా మాట ఉన్నచోట ఆయన మాట చెల్లలేదు, అంతే.

"పోయే ముందు మంచం మీద కూడా అడిగేడు. ఆ బాబు ఇంకా సెప్తన్నాడేటమ్మీ ఆ కత? అని."

"నువ్వేం చెప్పావు?"

"నాకేటి తెలుసు? మానేసుంటాడులే అన్నాను."

క్షమించమన్నాను. "నాకెందుకు సెప్తారు? ఇక్కడ అందరికీ తెలుసు. అక్కడ సెప్పండి" అంది. మళ్ళీ బండి పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది.

సోమవారం క్యాంటీన్లో లేచి నిలబడి చెప్పాను. కంకణం విప్పడం, మీసం సవరించడం, గేరు వెయ్యడం, అన్నీ. టేబుళ్ళు కొట్టి మరీ నవ్వారు. ఆ కొత్త ఇంజినీరు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "భలే మార్చారు సార్! మీ మీదే వేసుకున్నారు. ఇలాగే బాగుంది!"

నోటిమాటతో లాభం లేదని తేలిపోయింది. ఆమెకి ఫోను చేసి, రాస్తాననీ, వాళ్ళ నాన్న పేరు పెద్ద అక్షరాల్లో వేయిస్తాననీ చెప్పాను.

"పేరొద్దు బాబూ. మీ ఊరోల్ల నోల్లల్లో ఆ పేరు తొమ్మిదేల్లు నలిగింది, సాలు. గేరెవులేసేరో అదొక్కటీ రాయండి."

అందుకని పేరు రాయలేదు. ఈ కథ చెప్పేవాళ్ళని మానమని నేను అడగను. బాగుంటుంది, చెప్పుకోండి. డాలియాలు అలాగే ఉండనివ్వండి. చేమంతుల్లో దూకిన న్యాయనిర్ణేతని తీసెయ్యకండి, పాపం. తాగుడు మాత్రం తీసెయ్యండి, ఆయన తాగి లేడు. ఆ బండి బాగైపోయిందని ఆయన ఎవరితోనూ అనలేదు. గేరు వెయ్యొద్దని చెప్పి వెళ్ళాడు. వేసింది నేను.